జ్వరమొచ్చిన మొదటి రెండు రోజులు

నెలకు 18,000 రూపాయల జీతం తీసుకునే మనిషి పే స్లిప్పులో ఈఎస్ఐ అన్న గడిలో 135 రూపాయల కోత ఉంటుంది. కార్మికులకు వైద్యం, జబ్బు చేసినప్పుడు కొంత వేతనం ఇచ్చే ప్రభుత్వ బీమాకు కట్టే చందా అది, జీతంలో 0.75 శాతం. అదే మనిషి పేరు మీద యజమాని 3.25 శాతం, అంటే 585 రూపాయలు కట్టాలి. రెండూ కలిపి 720. జీతాల లెక్కలు చూడడమే నా ఉద్యోగం కాబట్టి ఈ అంకెలు ప్రతి నెలా నా చేతి మీదుగా పోతాయి. మొదట బాలానగర్, జీడిమెట్లలో చిన్న ఫ్యాక్టరీలకు రాశాను. ఇప్పుడు మాదాపూర్ వైపు ఆఫీసులకు మనుషుల్ని పంపే సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీల లెక్కలు కూడా చూస్తున్నాను. ఈ 720 రూపాయలంటే నాకు చాలా గౌరవం. అది ఎంతదాకా మనిషిని కాపాడుతుందో దగ్గర నుంచి చూశాను. ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చూస్తున్నాను. ఆ రెండో సంగతి గురించే ఈ వ్యాసం.

మన ఊళ్ళో కార్మికుడి ఆరోగ్యం అనగానే ఆసుపత్రి బిల్లు గురించే మాట్లాడుకుంటాం. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచీ ప్రతి ఎన్నికల్లోనూ లక్షల లెక్కే. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పరిమితి 10 లక్షలకు పెరిగింది. కంపెనీలు గ్రూప్ ఇన్సూరెన్స్ ఎన్ని లక్షలకు చేయించాయో చెప్పుకుంటాయి. ఇవన్నీ కావలసినవే. గుండెకు స్టెంటు వేయించాల్సిన రోజున ఆ కార్డు ఇంటిల్లిపాదినీ నిలబెడుతుంది. కానీ ఒక హౌస్‌కీపింగ్ అక్కకి ఏడాదిలో గుండె ఆపరేషన్ ఎన్నిసార్లు అవసరమవుతుంది? జ్వరం, విరేచనాలు, నడుం పట్టేయడం, బిడ్డకు ఒంట్లో బాగాలేకపోవడం, ఇవి ఎన్నిసార్లు వస్తాయి? ఈ చిన్న జబ్బుల రోజుల్లో ఆమెకు ముందు కావలసింది జీతం కోయని రెండు రోజుల పడక. దాన్ని ఇచ్చే కార్డు ఆమె పర్సులో లేదు.

ఈఎస్ఐ నిబంధన ఇలా ఉంటుంది. జబ్బు చేస్తే సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. అయితే జబ్బు పడ్డ మొదటి రెండు రోజులకు పైసా రాదు. ఇదివరకటి జబ్బు ముగిసి 15 రోజులు దాటకుండానే మళ్ళీ పడితేనే ఈ రెండు రోజుల కోత ఉండదు. 18,000 జీతగాడికి రోజు వేతనం 600 అనుకుందాం. నాలుగు రోజుల వైరల్ జ్వరానికి అతను పోగొట్టుకునేది 2,400. ఈఎస్ఐ నుంచి వచ్చేది చివరి రెండు రోజులకు 420 చొప్పున 840. ఆ 840 చేతికి రావాలంటే డిస్పెన్సరీకి వెళ్ళి డాక్టరు దగ్గర మొదటి సర్టిఫికెట్ తీసుకోవాలి. పనికి పోయే ముందు మళ్ళీ వెళ్ళి ఫిట్‌నెస్ రాయించుకోవాలి. ఒళ్ళు కాలిపోతున్న మనిషి రెండుసార్లు వరుసలో నిలబడాలి. నేను లెక్కలు చూసే చోట్ల చిన్న జ్వరానికి ఈ డబ్బు అడిగి తీసుకున్నవాళ్ళు చాలా అరుదు. ఎందుకు అడగరో అర్థం చేసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇంకా ముందు దాటాల్సిన గడప ఒకటుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన దానికి మరుసటి జనవరి నుంచి జూన్ దాకా ఫలం. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టిన దానికి జూలై నుంచి డిసెంబరు దాకా. కొత్తగా చేరినవాళ్ళకు వైద్యం మొదటి రోజు నుంచే ఉంటుంది కానీ జబ్బు కాలపు వేతనం కోసం తొమ్మిది నెలలు ఆగాలి. ఏజెన్సీ మనుషుల సంగతి తెలిసినవాళ్ళకు ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో వెంటనే తెలుస్తుంది. కాంట్రాక్టు మారుతుంది, కొత్త కాంట్రాక్టరు వస్తాడు, మనుషులు వాళ్ళే, యూనిఫాం రంగు మారుతుంది. పాత ఇన్సూరెన్స్ నంబరు మీదే చందా కొనసాగించాలి. కొత్త వాడు ఓపిక లేక కొత్త నంబరు తీయిస్తాడు. ఏళ్ళుగా చందా కట్టిన మనిషి కాగితం మీద నిన్న చేరినట్టు కనిపిస్తుంది. డిస్పెన్సరీ విషయంలోనూ ఇంతే. రిజిస్టర్ చేసేటప్పుడు మనిషి ఇంటికి దగ్గర్లోది ఎంచాలి. కాంట్రాక్టరు తన ఆఫీసుకు దగ్గర్లోది ఎంచేస్తే, బోరబండలో ఉండే మనిషి జ్వరంతో ఉప్పల్ దాకా పోవాల్సి వస్తుంది. అంతదూరం ఎవరు పోతారు? గల్లీ చివరి ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు గోళీలు, మరునాడు డ్యూటీ.

ఈఎస్ఐ పనికిరాదని నేనంటున్నానని ఎవరైనా అనుకుంటే నా మాట వాళ్ళకు సరిగా అందలేదన్నమాట. నేను ఆ డబ్బుతో తిండి తిన్న పిల్లని. మా నాన్న బాలానగర్‌లో ఫిట్టరు. మేం మూసాపేటలో ఉండేవాళ్ళం. నా చిన్నతనంలో ఆయనకు టీబీ వచ్చింది. నెలల తరబడి పనికి పోలేదు. వైద్యం ఈఎస్ఐ చూసుకుంది, జీతంలో పెద్ద భాగం కూడా అక్కడి నుంచే వచ్చింది. అమ్మ ఆ చీటీలన్నీ బియ్యం డబ్బా పక్కన రేకు పెట్టెలో దాచేది. నాన్న మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళాడు, రిటైరయ్యేదాకా చేశాడు. టీబీ వంటి దీర్ఘకాలపు జబ్బుల జాబితా ఒకటి ఈఎస్ఐలో ఉంది. ఆ జబ్బులకు, తగినన్నాళ్ళు చందా ఉన్నవాళ్ళకు, ఇవాళ్టి నిబంధనల ప్రకారం 80 శాతం వేతనం రెండేళ్ళ వరకు ఇస్తారు. పనిలో దెబ్బ తగిలి కనీసం మూడు రోజులు పనికి పోలేకపోతే మొదటి రోజు నుంచే 90 శాతం. కాన్పుకు 26 వారాలు పూర్తి వేతనం. వైద్యానికి ఇన్ని లక్షలే అన్న గీత లేదు, కుటుంబం మొత్తానికి వర్తిస్తుంది. రిటైరైనవాళ్ళు కూడా, కనీసం ఐదేళ్ళు చందాదారులై ఉంటే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందవచ్చు. ఏ ప్రైవేటు పాలసీ ఈ మాట అంటుంది?

1944లో బి.పి. అదార్కర్ అనే ఆర్థికవేత్త ఇచ్చిన నివేదిక మీద ఈ కట్టడం లేచింది. 1948లో చట్టమైంది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ప్రారంభించారు, ఢిల్లీలోనూ అదే రోజు మొదలైంది. దేశం దగ్గర డబ్బు లేని రోజుల్లో, మిల్లు కార్మికుడు జబ్బు పడితే వాడి ఇల్లు ఎలా గడుస్తుందని ఆలోచించిన మనుషులు ఉండడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. హైదరాబాదులో దాని గుర్తు ఎర్రగడ్డ మీదుగా మెట్రోలో పోయేవాళ్ళందరికీ కనిపిస్తుంది, స్టేషనుకే ఈఎస్ఐ ఆసుపత్రి అని పేరు. సనత్‌నగర్‌లో ఇప్పుడు మెడికల్ కాలేజీ కూడా ఉంది. నాచారంలో ఇంకో ఆసుపత్రి. ఇదే విభాగంలో మందుల కొనుగోళ్ళ కుంభకోణం బయటపడి 2019లో ఏసీబీ అరెస్టులు చేసిందన్న మాట కూడా మరచిపోకూడదు. డిస్పెన్సరీలో మందు లేదని తిప్పి పంపినప్పుడల్లా కార్మికుడికి అదే గుర్తొస్తుంది.

అయితే ఆ మొదటి రెండు రోజులు ఎందుకు వదిలేశారు? ఇది మనవాళ్ళ పిసినారితనం కాదు. 1883లో జర్మనీలో బిస్మార్క్ తెచ్చిన అనారోగ్య బీమా చట్టంలోనే ఇలాంటి నిరీక్షణ ఉంది. భత్యం 13 వారాలు, మొదటి కొన్ని రోజులు ఏమీ లేదు. మన 91 రోజులు కూడా సరిగ్గా 13 వారాలే. చిన్న చిన్న జబ్బులకు క్లెయిములు రాస్తూ కూర్చుంటే ఖర్చు తడిసిమోపెడవుతుందని బీమా లెక్క. ఆ లెక్కలో న్యాయం ఉంది. ఒక రోజు జ్వరానికి అప్లికేషను, సర్టిఫికెటు, బ్రాంచి ఆఫీసు, బ్యాంకు ఖాతా, ఇంత యంత్రాంగం తిరగడం ఎవరికీ మంచిది కాదు. కానీ జర్మనీ అక్కడే ఆగలేదు. ఆ మొదటి రోజుల భారాన్ని బీమా మీద కాక యజమాని మీద పెట్టింది. ఇవాళ అక్కడ జబ్బు పడ్డ ఉద్యోగికి మొదటి ఆరు వారాలు యజమానే పూర్తి జీతం ఇవ్వాలి, ఆ తరవాతే బీమా. మనం నిరీక్షణ రోజుల్ని తెచ్చుకుని, వాటిని పూడ్చే పని మాత్రం కార్మికుడి నెత్తిన వదిలేశాం.

నన్ను బాగా కదిలించిన సంగతి ఒకటి చెబుతాను. మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనంలో పనిచేసే అక్కకి వానాకాలంలో జ్వరం వచ్చింది. రెండు రోజులు ఇంట్లో ఉంది. మూడో రోజు జ్వరం దిగింది, డ్యూటీకి వచ్చింది. మధ్యాహ్నం లిఫ్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. డెంగీ. ఆసుపత్రిలో చేర్చారు, అదృష్టం కొద్దీ బతికింది. తరవాత కలిసినప్పుడు అడిగాను, ఒంట్లో అంత నీరసం ఉంటే ఎందుకొచ్చావక్కా అని. "జొరం దిగింది గద మేడమ్, ఇంకెన్ని రోజులు నాగా పెట్టాలె? ఒక్క రోజు పోతే ఆరొందలు పాయె, నెల బోనసు గూడ పాయె" అంది.

ఆమె మాటలో వైద్యం కూడా ఉంది, తలకిందులుగా. డెంగీలో ప్రమాదం జ్వరం మండుతున్నప్పటి కంటే అది దిగే సమయంలోనే ఎక్కువ. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో, జ్వరం తగ్గుతుండగా, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరి బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలని డాక్టర్లు చెప్పేది ఆ రోజుల గురించే. సరిగ్గా ఆ రోజునే మన జీతాల పద్ధతి మనిషిని పనికి లాక్కొస్తుంది. జ్వరం దిగింది కాబట్టి సెలవుకు సాకు లేదు, రెండు రోజులు ఇప్పటికే పోయాయి కాబట్టి మూడోది పోగొట్టుకునే స్తోమత లేదు. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఆయన పేరే పెట్టుకున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ప్రతి వానాకాలం జనం కిటకిటలాడుతూనే ఉన్నారు. దోమల మందు కొట్టే బండ్లకు బడ్జెటు ఉంటుంది. జ్వరం దిగే ఆ రోజుల్లో మంచం మీద ఉండే హక్కుకు బడ్జెటు ఎవరు పెట్టాలి?

ఆ బోనసు సంగతి కూడా చెప్పాలి. నెలలో ఒక్క నాగా కూడా లేకుండా వస్తే అటెండెన్స్ బోనసు అని వెయ్యో పదిహేనువందలో ఇస్తారు. నేనే ఆ గడి నింపుతాను. వినడానికి ప్రోత్సాహకంలా ఉంటుంది. పనిచేసే తీరు చూస్తే అది జబ్బు పడినందుకు జరిమానా. ఒక్కరోజు జ్వరానికి ఆ రోజు 600తో పాటు వెయ్యీ పోతాయి. గోలీ మింగి రావడమే లాభసాటి అవుతుంది. హోటల్ వంటింట్లో టైఫాయిడ్‌తో పిండి కలిపేవాడు, క్యాబులో దగ్గుతూ స్టీరింగు పట్టేవాడు, బడిలో ముక్కు కారుతూ పిల్లల్ని ఎత్తుకునే ఆయమ్మ, వీళ్ళెవరూ బాధ్యత తెలియని మనుషులు కారు. లెక్క తెలిసిన మనుషులు. కరోనా రోజుల్లో దగ్గుంటే ఇంట్లో ఉండమని ఊరంతా చెప్పాం. ఆ మాట పాటించడానికి కావలసిన డబ్బు ఎవరిస్తారో అప్పుడూ చెప్పలేదు.

ఈ రెండు రోజుల జీతం కోసం కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఈ సంగతి ఎంతమందికి చెప్పినా ఆశ్చర్యపోతారు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం తెలంగాణలో ఇవాళ్టికీ అమల్లో ఉంది. దాని 30వ సెక్షన్‌లో, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకు 15 రోజుల జీతంతో కూడిన సెలవు ఒకటి. అది కాక, జబ్బు, ప్రమాదం లేదా మరే సహేతుకమైన కారణం మీదైనా ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు. ఈ రెండోదానికి 240 రోజుల షరతు లేదు. దుకాణాలు, హోటళ్ళు, థియేటర్లు, ఆఫీసులు, వాటికి మనుషుల్ని పంపే ఏజెన్సీల ఆఫీసులు, అన్నీ దీని కిందికే వస్తాయి. ఐటీ కంపెనీలకు పని వేళల వంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం మినహాయింపులు ఇచ్చింది కానీ ఈ 30వ సెక్షన్ వాటిలో లేదు. మరి అమీర్‌పేటలో చీరల షాపులో రోజంతా నిలబడే అమ్మాయికి ఈ 12 రోజుల మాట ఎవరైనా చెప్పారా? నేను చూసిన ఏజెన్సీ రిజిస్టర్లలో సెలవు గడి ఉంటుంది, అందులో 'ఏ' అన్న అక్షరం మాత్రమే ఉంటుంది. ఆబ్సెంట్ అని.

ఫ్యాక్టరీల సంగతి ఇంకా చిక్కు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 240 రోజులు పనిచేసినవాళ్ళకు ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వార్షిక సెలవు ఉండేది. జబ్బుకు విడిగా సెలవు లేదు. జబ్బు పడితే ఆ వార్షిక సెలవునే ముందుగా అప్లికేషన్ పెట్టకపోయినా ఇవ్వాలని మాత్రం రాశారు. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఆ 240 రోజుల షరతు 180కి తగ్గింది. ఇది మంచి మార్పు. కానీ పండక్కి ఊరికి పోవడానికి దాచుకున్న సెలవుల్ని జ్వరానికి ఖర్చుపెట్టమనడం మారలేదు.

నా వాదన ఇది. ఈఎస్ఐ మూడో రోజు నుంచి ఇస్తుంది. మొదటి రెండు రోజులు, దుకాణాల చట్టంలోని 12 రోజుల సెలవు నుంచి, యజమాని పూర్తి జీతం ఇవ్వాలి. సర్టిఫికెట్ అడగకుండా ఇవ్వాలి. జీతంతో సెలవు తీసుకున్న రోజుకు ఈఎస్ఐ డబ్బు రాదు కాబట్టి రెండు చోట్లా తీసుకుంటారన్న భయమూ లేదు. రెండు చట్టాలూ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా అతుకుతాయి. ఇన్నేళ్ళూ వాటిని ఎవరూ కలిపి కుట్టలేదు, అంతే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు కంఠతా వచ్చు. "సెలవిస్తే అందరికీ జ్వరమే వస్తుంది." ఈ మాట అనేవాళ్ళకు తమ ఆఫీసులో ఏడాదికి పన్నెండు సిక్ లీవులు ఉంటాయి. పొద్దున్నే ఫోన్లో ఒక మెసేజ్ పెడితే చాలు, ఎవరూ సర్టిఫికెట్ అడగరు. అదే భవనంలో, అదే అంతస్తులో, వాళ్ళ బల్ల తుడిచే మనిషి జ్వరాన్ని మాత్రం నిరూపించాలి. ఒకరి మాట మీద నమ్మకం, ఇంకొకరి మాట మీద అనుమానం, దీనికి జీతం తేడా తప్ప వేరే కారణం నాకు కనపడలేదు. అబద్ధం ఆడేవాళ్ళు రెండు వైపులా ఉంటారు. 12 రోజులు అయిపోతే అయిపోతాయి, చట్టమే గీత గీసింది.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఐదుగురితో టిఫిన్ సెంటర్ నడిపే ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? ఒకడు రాకపోతే రెండో వాడికి కూలి ఇచ్చి తెచ్చుకోవాలి, రానివాడికీ ఇవ్వాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట ఈఎస్ఐ కూడా తప్పనిసరి కాదు. ప్రమాదకరమైన పనుల్లో ఒక్కరున్నా వర్తింపజేసే వీలు కొత్త కోడ్‌లో ఉంది, ఇడ్లీ పాత్ర దాని కిందికి రాదు. ఇలాంటి చిన్నవాళ్ళకు ప్రభుత్వం చేయూతనివ్వాలి. ఈఎస్ఐ నిధిలోంచే చిన్న సంస్థలకు ఆ రెండు రోజుల్లో కొంత తిరిగి చెల్లించే ఏర్పాటు చేయొచ్చు. కానీ ఈ టిఫిన్ సెంటర్ ఆయన్ని అడ్డం పెట్టుకుని వేలమందిని పెట్టుకున్న సంస్థలు తప్పుకోవడం నాకు మింగుడుపడదు.

పెద్ద సంస్థలకు లెక్క చెబుతాను. 600 రూపాయల రోజు వేతనం మీద 12 రోజులు అంటే ఏడాదికి 7,200. నెలకు 600. మనిషి ఒక్క రోజు కూడా వదలకుండా అన్నీ వాడుకుంటేనే ఇంత. ఇప్పుడు 2019కి వెనక్కి వెళ్ళండి. ఆ ఏడాది జూలై 1న కేంద్రం ఈఎస్ఐ చందాల్ని 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించింది. యజమాని వాటా 4.75 నుంచి 3.25కి వచ్చింది. 18,000 జీతం మీద యజమానికి మిగిలింది నెలకు 270, ఏడాదికి 3,240. అంటే ఒక్కో మనిషికి ఐదు రోజుల పైచిలుకు కూలి. ఆ డబ్బు ఏడాది ఏడాదికీ యజమాని దగ్గరే ఉండిపోతోంది. ఆ మిగులులోంచి ఐదు రోజుల జబ్బు సెలవు ఇవ్వమంటే కొత్త భారం అని ఎలా అంటారు?

అసలు కాంట్రాక్టు మనుషుల విషయంలో "వాళ్ళు మా ఉద్యోగులు కారు" అన్న మాట పెద్ద కంపెనీల నోటి నుంచి తరచూ వింటాం. ఈఎస్ఐ చట్టం 1948లోనే దీనికి జవాబు చెప్పింది. చందా కట్టే మొదటి బాధ్యత ప్రధాన యజమానిది, అంటే ఆ మనిషి ఎవరి ఆవరణలో ఎవరి పని చేస్తున్నాడో ఆ సంస్థది. కాంట్రాక్టరు దగ్గర తరవాత వసూలు చేసుకోవచ్చు. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని కూడా ఆ చట్టమే చెప్పింది. కార్మికుడి జీతంలోంచి కోసిన సొమ్మును అతను నమ్మి అప్పగించిన సొమ్ముగా భావించాలంది. సర్టిఫికెట్ ఉన్న జబ్బు రోజుల్లో పనిలోంచి తీసేయకూడదని ఆ చట్టంలో 73వ సెక్షన్ ఉండేది. ఇన్ని తెలిసిన చట్టం ఉన్న ఊళ్ళో మనిషి జ్వరంతో చీపురు పట్టుకోవాల్సి రావడం నాకు కోపం తెప్పిస్తుంది.

జీతం పరిమితి గురించి రెండు ముక్కలు. 2017 జనవరి నుంచి ఈఎస్ఐ గీత 21,000 దగ్గరే ఆగి ఉంది. అప్పటి నుంచి మూసాపేటలో ఇంటద్దె ఎంత పెరిగిందో, పప్పు ధర ఎంతయిందో చెప్పక్కర్లేదు. 20,800 తీసుకునే సూపర్‌వైజరుకు జీతం 21,500 చేస్తే, నడుస్తున్న చందా కాలంతో చందా ఆగి, దానికి దక్కే ఫలం గడువు కూడా తీరాక అతని కుటుంబం మొత్తం ఈఎస్ఐ బయటికి వస్తుంది. ఏడువందల పెంపుతో అంత వైద్యాన్ని ఏ పాలసీ అమ్మదు. నా దగ్గరికి వచ్చి "మేడమ్, ఇంక్రిమెంటు వద్దు, గీత కింద ఉంచండి" అని బతిమాలినవాళ్ళున్నారు. ఒకరి భార్యకు డయాలిసిస్ నడుస్తోంది. ఆ మాట విన్న రోజు పని మీద మనసు నిలవలేదు.

ఫుడ్ డెలివరీ, క్యాబు కుర్రాళ్ళకు ఇవేవీ లేవు. 2023 డిసెంబరులో రాష్ట్రం వాళ్ళకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కొత్త కోడ్‌లో ప్లాట్‌ఫాం కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం వాళ్ళ సామాజిక భద్రతకు ఇవ్వాలని ఉంది. చచ్చిపోతే కుటుంబానికి ఎంతొస్తుందో చెప్పగలిగిన మనం, జ్వరం వస్తే ఆ రోజు ఏం తినాలో మాత్రం చెప్పలేకపోతున్నాం. ఆ 1 శాతంలోంచి మొదట చేయాల్సిన పని జబ్బు రోజుల భత్యమేనని నా అభిప్రాయం. వాళ్ళు లాగిన్ అయిన రోజుల లెక్క కంపెనీ దగ్గర నిమిషాలతో సహా ఉంది కాబట్టి సగటు కట్టడం కష్టమేమీ కాదు.

చట్టం ఎప్పుడు కదులుతుందో అని ఎదురుచూడకుండా మన చేతిలో ఉన్నది చేయొచ్చు. ఏజెన్సీకి పని అప్పజెప్పే ప్రతి ఒప్పందంలో ఒక షరతు రాయించవచ్చు. ఏడాదికి 12 రోజుల జీతంతో సెలవు, ఆ రోజుకు రిలీవర్‌ను, అంటే బదులు మనిషిని, పంపే ఖర్చు పనిచేయించుకునేవాళ్ళదే, జబ్బు నాగాకు అటెండెన్స్ బోనసు కోయకూడదు, పాత ఇన్సూరెన్స్ నంబరే కొనసాగించాలి, డిస్పెన్సరీ మనిషి ఇంటి దగ్గరదే ఉండాలి. ఆఫీసుల్లో కొత్త టెండరు రాసే అడ్మిన్‌వాళ్ళు, హోటళ్ళ యజమానులు, అపార్ట్‌మెంట్ సంఘాలు, ఎవరైనా చేయగలిగిన పని ఇది.

మేముండే అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. నలుగురు వాచ్‌మన్లు, ముగ్గురు ఊడ్చే అక్కలు, అందరూ ఏజెన్సీ మనుషులే. మేం ఏజెన్సీకి రోజుకు ఒక్కో మనిషికి ఇచ్చేదాంట్లో వాళ్ళ చేతికి 600 దాకా అందుతుంది. ఏడుగురికీ 12 రోజుల చొప్పున లెక్క వేశాను, నెలకు 4,200. ఫ్లాటుకు 70 రూపాయలు. ఒప్పందం రెన్యువల్‌కి వస్తోంది కాబట్టి ఈ కాగితం కమిటీకి ఇచ్చాను. సెక్రటరీగారు ఒప్పుకున్నారు. మెయింటెనెన్స్ పెంచడానికి వీల్లేదని ఒక పెద్దాయన పట్టుబట్టారు, అందరూ ఒకేసారి సెలవు పెడితే గేటు దగ్గర ఎవరుంటారని ఇంకొకరు అడిగారు. రిలీవర్ షరతు ఉంది కదండీ అని చూపించాను. వచ్చే జనరల్ బాడీలో ఓటుకు పెడుతున్నారు. ఈలోగా ఇంటింటికీ వెళ్ళి సంతకాలు అడుగుతున్నాను, మూడో అంతస్తు దాకా వచ్చాను.